హస్తకళల పేజీలో ఈ రోబో బొమ్మలకూ చోటివ్వండి

సంపాదకులు గారికి,

నమస్కారం.

బల్ల మీద ఆడే యుద్ధక్రీడల కోసం భారీ రోబోల చిన్న బొమ్మలను కూర్చుకుని, కోసి మార్చుకుని, రంగులు వేసుకునే అభిరుచి గురించి మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల ఒక పరిచయం ప్రచురించారు. తెలుగు పత్రికల్లో ఈ విషయం కనబడడమే అరుదు కనుక ముందుగా మీకు కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను. అయితే ఆ పరిచయాన్ని పిల్లల ఆటవస్తువుల కొనుగోలు సలహాల నడుమ వేశారు. రంగు వేసి సిద్ధంగా ఉన్న బొమ్మ దొరికితే కూర్పు కష్టమంతా తప్పుతుందని, ఎదిగే పిల్లలకు పుట్టినరోజు కానుకగా ఈ కిట్లు బాగుంటాయని అందులో రాశారు. ముప్పై ఏళ్లకు పైగా ఈ పని చేస్తున్నవాడిగా ఆ రెండు మాటలతోనూ నేను ఏకీభవించలేను. ఈ బొమ్మలో విలువైనదల్లా ఆ కూర్పు కష్టమే. అందుకు కావలసిన కత్తి, జిగురు, అయస్కాంతం చిన్నపిల్లల చేతికి ఇవ్వదగినవి కావు. ఈ విషయాన్ని మీరు హస్తకళల పేజీలో, పని జరిగే తీరుతో సహా రాయించాలని కోరడానికే ఈ ఉత్తరం.

నేను 1991లో పై చదువుకు షికాగో వెళ్లాను. ఇక్కడ చెప్పబోయే ఆట ఆ నగరంలోనే పుట్టింది. ఫాసా అనే సంస్థ 1984లో దానిని బ్యాటిల్‌డ్రాయిడ్స్ అనే పేరుతో విడుదల చేసింది. డ్రాయిడ్ అనే మాట మీద స్టార్ వార్స్ సినిమాలు తీసిన లూకాస్‌ఫిల్మ్ సంస్థ అభ్యంతరం చెప్పడంతో మరుసటి ఏడాది నుంచి అది బ్యాటిల్‌టెక్ అయింది. 1990లో అదే నగరంలో, నార్త్ పియర్ అనే వాణిజ్య భవనంలో, రోబో లోపలి చోదకుడి గదిలా కట్టిన పెట్టెల్లో కూర్చుని తెర మీద పోరాడే కేంద్రం కూడా తెరిచారు. దానికి టిక్కెట్టు కొనే స్తోమత విద్యార్థిగా నాకు ఉండేది కాదు. మా వసతికి దగ్గరలోని ఒక దుకాణం వెనక గదిలో శనివారం సాయంత్రాలు ఇదే ఆటను బల్ల మీద ఆడేవారు; అక్కడ కూర్చోవడానికి రుసుము లేదు. బొమ్మ లేనివారికి ఎవరో ఒకరు అరువిచ్చేవారు. నాకు అరువు దొరికిన మొదటి బొమ్మ లోహంతో పోసినది. అరచేతిలో పెట్టగానే, అంత చిన్న వస్తువుకు అంత బరువా అని ఆశ్చర్యపోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆట తెలియని పాఠకుల కోసం కొద్దిగా వివరిస్తాను. షడ్భుజాల గడులు గీసిన పటం మీద ఈ బొమ్మలు కదులుతాయి. ఒక్కో గడి 30 మీటర్ల నేల, ఒక్కో విడత 10 సెకన్ల కాలం. యంత్రాలు సాధారణంగా 20 టన్నుల నుంచి 100 టన్నుల వరకు ఉంటాయి. ప్రతి యంత్రానికి ఒక కాగితం ఉంటుంది. తల, మొండెంలోని మూడు భాగాలు, చేతులు, కాళ్లు విడివిడిగా గీసిన ఆ కాగితం మీద, దెబ్బ తగిలినప్పుడల్లా కవచపు చుక్కలను పెన్సిలుతో నింపుతారు. గురి కుదిరిందా, దెబ్బ ఎక్కడ తగిలింది అనేవి రెండు పాచికలు తేలుస్తాయి. ఆయుధాలన్నీ ఒకేసారి పేలిస్తే యంత్రం వేడెక్కి నడక మందగిస్తుంది, ఇంకా వేడెక్కితే ఉన్నచోటే ఆగిపోతుంది. బొమ్మల కొలత సుమారు 1:285. అంటే 12 మీటర్ల ఎత్తున్న యంత్రం బల్ల మీద 42 మిల్లీమీటర్లు ఉంటుంది. దాని పక్కన నిలబడిన మనిషి 6 మిల్లీమీటర్లు. ఈ లెక్క ఒక్కటి పాఠకుల మనసులో ఉంటే, నేను తరువాత చెప్పేది సులువుగా అర్థమవుతుంది.

కోసి మార్చడం ఈ ఆటలో అంతగా ఎందుకు పాతుకుపోయిందో చెప్పడానికి ఒక చరిత్ర ఉంది. తొలినాళ్ల యంత్రాల రూపాలు చాలావరకు జపాన్ యానిమేషన్ల నుంచి, వాటి ఆధారంగా వచ్చిన ప్లాస్టిక్ కిట్ల నుంచి తీసుకున్నవి. ఆ రూపాల హక్కులపై హార్మొనీ గోల్డ్ అనే సంస్థతో తగాదా వచ్చి, 1996లో రాజీ కుదిరాక, ఫాసా వాటి చిత్రాలను తన పుస్తకాల్లో వేయడం మానేసింది. వార్‌హామర్, మరాడర్ వంటి యంత్రాల పేర్లు, వాటి బలాబలాల అంకెలు ఆటలో మిగిలాయి, రూపాలు మాత్రం మాయమయ్యాయి. ఆటగాళ్లు వాటిని అన్‌సీన్ అని, అంటే కంటికి కనబడనివి అని, పిలుచుకున్నారు. మా ఆట గదిలో పాత బొమ్మలు ఉన్నవారు విరిగిన ప్రతిసారీ అతుక్కుంటూ వాటిని కాపాడుకున్నారు. లేనివారు వేరే బొమ్మ మొండేనికి ఇంకొక బొమ్మ కాళ్లు తగిలించి, ఫిరంగి గొట్టాలు సొంతంగా చెక్కి, తమ మనసులోని మరాడర్‌ను తామే తయారు చేసుకున్నారు. ఏ ఇద్దరి బొమ్మలూ ఒకలా ఉండేవి కావు. అయినా బల్ల మీద పెట్టగానే అది మరాడర్ అని అందరికీ తెలిసేది. ఆ సాయంత్రాల్లో నేను నేర్చుకున్నది ఆట కన్నా ఈ పనే ఎక్కువ.

నేను మొదటిసారి పూర్తిగా మార్చిన బొమ్మ హంచ్‌బ్యాక్. 50 టన్నుల యంత్రం. కుడి భుజం మీద గూనిలా లేచిన గదిలో ఒకే ఒక పెద్ద ఫిరంగి ఉంటుంది, దానికి ఆ పేరు అందుకే వచ్చింది. ఇదే యంత్రానికి ఇంకొక రకం ఉంది. అందులో ఆ ఫిరంగిని తీసేసి, గూనిలో ఆరు లేజర్లు బిగిస్తారు. మందుగుండు మోయవలసిన పని ఉండదు కాని వేడి విపరీతంగా పెరుగుతుంది, ఆడేవాడి బుద్ధికి అదొక పరీక్ష. ఆ రకం ఆడాలని నాకు కోరిక. నా దగ్గర ఉన్నది ఫిరంగి బొమ్మ. కాగితం మీద లేజర్లు, బల్ల మీద ఫిరంగి ఉంటే ఎదుటివాడు పొరబడతాడు. బొమ్మకు ఉన్న ఆయుధం చూసి దూరం అంచనా వేసుకోవడం ఆటలో భాగం గనుక, అది ఎదుటివాడికి అన్యాయం చేసినట్టే.

పని ఇలా సాగింది. ముందుగా ఫిరంగి గొట్టాన్ని చిన్న రంపంతో మొదలు దాకా కోశాను. లోహంలో రంపం నెమ్మదిగా దిగుతుంది, తొందరపడితే జారి వేలు తెగుతుంది. కోసిన ముఖాన్ని ఆకురాయితో చదును చేసి, మిగిలిన గుంతను ఎపాక్సీ పుట్టీతో పూడ్చాను. రెండు రంగుల ముద్దలను సమంగా తీసుకుని, ఒకే రంగు వచ్చేదాకా వేళ్లతో పిసికి పెట్టాలి. పనిముట్టుకు నీటి తడి ఉంటే పుట్టీ అంటుకోదు. ఇక్కడ మన దుకాణాల్లో దొరికే ఎం-సీల్ కూడా అదే సూత్రం మీద పనిచేస్తుంది. లేజర్ గొట్టాల కోసం ప్లాస్టిక్ కిట్లలో ముక్కలను పట్టి ఉంచే చట్రపు కడ్డీని కొవ్వొత్తి మంటకు కాస్త ఎత్తులో తిప్పుతూ వేడిచేసి, మెత్తబడగానే మంట మీద నుంచి తప్పించి రెండు చేతులతో లాగాను. తీగపాకంలా సాగి, క్షణంలో గట్టిపడింది. ఎంత వేగంగా లాగితే అంత సన్నన. 1 మిల్లీమీటరు మందం వచ్చిన చోటు ఎంచుకుని ఆరు ముక్కలు కోసి, మూడేసి చొప్పున రెండు వరుసలుగా పుట్టీలో గుచ్చి, తెల్లవారేదాకా వదిలేశాను. మరునాడు ప్రతి గొట్టం కొసనూ సూది మొనతో నొక్కి చిన్న గుంట చేశాను. ఆ గుంటలో తరువాత నల్లరంగు పడితే, బోలు గొట్టంలాగా కనబడుతుంది.

అయితే నేను ఇంకొక సాహసం కూడా చేశాను. బొమ్మ మరీ నిటారుగా నిలబడి ఉందని, నడుము దగ్గర కోసి పక్కకు తిప్పి, ఒక కాలు ముందుకు వేసినట్టు చీలమండ కోసి అతికాను. సూపర్ గ్లూ ఒక్కటే చాలుననుకున్నాను. మూడో వారం ఆటలో బొమ్మ బల్ల అంచు నుంచి పడి, చీలమండ దగ్గరే ఊడిపోయింది. లోహపు బొమ్మ అతుకుకు లోపల ముల్లు తప్పనిసరి అని అప్పుడు అక్కడి పెద్దలు నేర్పారు. 1 మిల్లీమీటరు బెజ్జం చేతి డ్రిల్లుతో తొలిచి, కాగితాల క్లిప్పును నిటారు చేసి కోసిన ముక్కను అందులో దించాలి. రెండు వైపుల బెజ్జాలు ఎదురెదురుగా పడేందుకు, మొదటి ముల్లు కొసకు రంగు చుక్క అద్ది రెండో ముఖానికి తాకిస్తే తొలవవలసిన చోటు గుర్తు పడుతుంది. అలా అతికిన కాలు ఈనాటికీ ఊడలేదు.

నడుము తిప్పినందుకు వచ్చిన చిక్కు వేరు. ఈ ఆటలో బొమ్మ ఏ వైపు తిరిగి ఉందన్నది చాలా ముఖ్యం. కాళ్లు చూసే దిక్కునే యంత్రం ముందువైపుగా లెక్కిస్తారు, ఆయుధాలు పేల్చే ముందు మొండేన్ని ఒక గడి అంచు మేరకు తిప్పవచ్చు. బొమ్మనే తిరిగిన నడుముతో తయారు చేస్తే, ఏది ముందు అన్న వాదన ప్రతి విడతలోనూ లేస్తుంది. అందుచేత ఇప్పుడు నేను ఎంత వంపు తిరిగిన బొమ్మ చేసినా, అది నిలబడే ఆరు పలకల పీట మీద ముందు అంచుకు తెల్లగీత తప్పకుండా వేస్తాను. అందం కోసం చేసిన మార్పు ఆటకు అడ్డం రాకూడదు. ప్రదర్శనకు మాత్రమే చేసే బొమ్మకూ, ఆడే బొమ్మకూ తేడా సరిగ్గా ఇక్కడే ఉంది. అరచేతిలో వందసార్లు పట్టుకునే వస్తువుకు గాజుపెట్టెలో నిలబెట్టే వస్తువు నియమాలు పనికిరావు.

ఇదంతా ఎక్కడో విదేశీ వ్యవహారమని, మన హస్తకళల పేజీకి దానితో సంబంధమేమిటని మీరు అడగవచ్చు. నాకు ఈ పని మొదటి రోజే పరిచితమైనట్టు అనిపించడానికి కారణం కొండపల్లి. చిన్నప్పుడు సంక్రాంతి బొమ్మల కొలువులో మా అమ్మ పెట్టే అంబారీ ఏనుగు తొండం విరిగింది. విజయవాడ నుంచి దానిని పట్టుకుని మా నాన్నగారు, నేను కొండపల్లి వెళ్లాం. అక్కడొక పెద్దాయన తెల్లపొణికి చెక్క ముక్కను చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతికారు. ఆరిన తరువాత అతుకు కనబడకుండా నున్నచేసి, సుద్ద పూసి, దాని మీద రంగు వేశారు. ఆ బొమ్మలు ఒకే మొద్దు నుంచి చెక్కినవి కావని, చేతులు, కాళ్లు విడిగా చెక్కి కూర్చినవని అప్పుడే చూశాను. పన్నెండేళ్ల తరువాత షికాగోలో ఒక అమెరికన్ మిత్రుడు పుట్టీతో సందు పూడ్చి, గరుకు కాగితంతో నున్నచేసి, తెల్లని ప్రైమర్ కొట్టి, ఇక రంగు పట్టుకుంటుంది అన్నప్పుడు, నాకు ఆ పెద్దాయన చేతులే కళ్లముందు మెదిలాయి. మక్కు బదులు పుట్టీ, సుద్ద బదులు ప్రైమర్. పని వరుస అదే, కారణమూ అదే. పూత లేని చెక్క రంగును పీల్చేస్తుంది, పూత లేని లోహం రంగును వదిలేస్తుంది. కొండపల్లి పనితనానికి ఈ అభిరుచిని సమానం చేయడం నా ఉద్దేశం కాదు. అది తరతరాల బతుకుతెరువు, నాది సెలవురోజు పని. చేతికి కావలసిన ఓపిక, కన్ను పట్టవలసిన లోపాలు మాత్రం రెండింటిలోనూ ఒకే జాతివి.

విజయవాడకు తిరిగి వచ్చాక, విదేశీ పుస్తకాలు చెప్పని సంగతులు కొన్ని ఇక్కడి వాతావరణం నాకు నేర్పింది. ప్రైమర్ డబ్బాను మే నెల మధ్యాహ్నం మేడ మీద కొడితే, తుంపరలు బొమ్మను చేరేలోపే గాలిలో ఆరిపోయి ఉపరితలం గరుకుగా, ఇసుక చల్లినట్టు తయారవుతుంది. వానాకాలంలో గాలి తేమగా ఉన్నప్పుడు పై వార్నిష్ కొడితే తెల్లగా పొగమంచు పట్టినట్టు మారి, వారాల పని మసకబారిపోతుంది. అందుకని నేను వేసవిలో ఉదయం ఏడు గంటలలోపు మాత్రమే స్ప్రే చేస్తాను, వానల రోజుల్లో ప్రైమర్‌ను కుంచెతోనే పల్చగా రెండు పూతలు వేస్తాను. నీటి ఆధారిత అక్రిలిక్ రంగులు మన ఎండకు పళ్లెంలోనే గట్టిపడతాయి. మూత ఉన్న డబ్బా అడుగున తడి స్పాంజి, దాని మీద బేకింగ్ కాగితం పరిచి రంగు కలుపుకుంటే రోజంతా పనికి వస్తుంది. సూపర్ గ్లూ గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది కనుక ఇక్కడ తొందరగా పట్టుకుంటుంది, సరిచూసుకోవడానికి వ్యవధి ఉండదు. ముక్కలను ముందు జిగురు లేకుండా కూర్చి చూసుకోవడం అందుకే మనకు మరీ అవసరం.

ప్లాస్టిక్ రకం తెలుసుకోకుండా జిగురు కొనడం కొత్తవారు చేసే మొదటి పొరపాటు. పాలీస్టైరీన్ కిట్లకు వాడే ద్రవం నిజానికి జిగురు కాదు. అది రెండు అంచులనూ కరిగించి ఒకటిగా చేస్తుంది, ఆరాక ఆ అతుకు ముక్కంత బలంగా ఉంటుంది. ఇప్పటి బ్యాటిల్‌టెక్ పెట్టెల్లో కూర్చి ఉంచి, రంగు వేయకుండా అమ్మే మెత్తటి ప్లాస్టిక్ బొమ్మల మీద ఆ ద్రవం పనిచేయదు, సూపర్ గ్లూయే గతి. రవాణాలో వంగిపోయిన తుపాకీ గొట్టాలను ఆ మెత్తటి రకంలో వేడినీళ్లలో కొద్దిసేపు ముంచి, నిటారుగా పట్టుకుని వెంటనే చల్లనీళ్లలో పెడితే సరిగ్గా నిలుస్తాయి.

ఇక రంగుల సంగతికి వస్తాను. 12 మీటర్ల నిజమైన యంత్రం ఎండలో నిలబడితే దాని ప్రతి మడత కిందా నీడ పడుతుంది. 42 మిల్లీమీటర్ల బొమ్మ మీద గదిలోని దీపం అలాంటి నీడలు వేయలేదు. బొమ్మ మొత్తం ఒకే ముద్దలా కనబడుతుంది. కనుక ఆ నీడను, ఆ వెలుగును రంగువేసేవాడే వేయాలి. ఈ కళ అంతా ఆ ఒక్క అవసరం నుంచే పుట్టిందని నా అభిప్రాయం. పలుచని ముదురు రంగు నీళ్లను, వాష్ అంటారు, బొమ్మంతా పూస్తే అది పలకల సందుల్లోకి దిగి నీడ అవుతుంది. తరువాత కుంచెకు లేతరంగు అద్ది, కాగితం మీద దాదాపు పూర్తిగా తుడిచి, మిగిలిన పొడి రంగుతో అంచులను తేలికగా రాస్తే, మెట్టుగా ఉన్న చోట్ల మాత్రమే రంగు అంటి వెలుగు అవుతుంది. దీనిని డ్రై బ్రషింగ్ అంటారు. చోదకుడి గది అద్దం మీద పైభాగం ముదురుగా, కిందికి వచ్చేకొద్దీ లేతగా వేసి, పై మూలలో ఒక్క తెల్లచుక్క పెడితే గాజు మెరుస్తున్నట్టు కన్ను నమ్ముతుంది. ఆ అద్దం వెడల్పు బియ్యపు గింజంత కూడా ఉండదు. ఆ తెల్లచుక్క పెట్టేటప్పుడు నేను ఊపిరి బిగబట్టి పెడతాను.

కొలతను కన్ను నమ్మేలా చేయడం మరింత కష్టం. 1:285 లెక్కలో ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు దాదాపు 28 సెంటీమీటర్ల బండరాయి. కృష్ణ ఒడ్డు నుంచి తెచ్చిన ఇసుకను పాత ఓణీ గుడ్డలో జల్లించి, అడుగున మిగిలిన ధూళిని మాత్రమే పీటల మీద చల్లుతాను. మిగతాదంతా ఆ యంత్రాన్ని బొమ్మలాగా చిన్నది చేసేస్తుంది. అదే ధూళి రంగును కాళ్ల మీద మోకాళ్ల దాకా పలచగా పట్టిస్తే, యంత్రం ఆ నేల మీద నడిచి వచ్చినట్టు ఉంటుంది. పీట మూలన 6 మిల్లీమీటర్ల మనిషినో, చిటికెన వేలి గోరంత గుడిసెనో పెడితే చాలు, పక్కనున్న 42 మిల్లీమీటర్ల బొమ్మ ఒక్కసారిగా నాలుగంతస్తుల మేడ అవుతుంది.

మీ పరిచయంలో కానుక అన్న మాట చూసి నేను కలవరపడింది ఈ కారణాలకు. ఆయుధాలను మార్చుకునేందుకు మేము బొమ్మ చేతుల్లో పొదిగే నియోడిమియం అయస్కాంతాలు 2, 3 మిల్లీమీటర్లే ఉంటాయి, కాని చాలా బలమైనవి. పసివాడు రెండింటిని మింగితే అవి పేగుల గోడల మధ్య ఒకదానినొకటి లాక్కుని, నడుమ చిక్కిన పేగును చిల్లు చేయగలవు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లవలసిన ప్రమాదమది. పాత లోహపు బొమ్మల్లో సీసం ఉండేది. సిన్సినాటిలో ఈ బొమ్మలు పోసిన రాల్ పార్థా సంస్థ 1993లో సీసం లేని మిశ్రమానికి మారింది. అంతకు ముందరి బొమ్మ చేతికి వస్తే, ఆకురాయి పట్టేటప్పుడు రాలే పొడిని తడిగుడ్డతో తుడిచి, సబ్బుతో చేతులు కడుక్కునే దాకా ఏదీ తినకూడదు. రెజిన్ అనే, పోశాక గట్టిపడే ద్రవంతో చేసిన బొమ్మలను పొడిగా రుద్దితే లేచే ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు, నీళ్లలో తడుపుతూ రుద్దాలి, మాస్కు పెట్టుకోవాలి. ఇవన్నీ పాటించగల వయసు వచ్చాకే మా అమ్మాయికి నేను కత్తి ఇచ్చాను. అంతకు ముందు రెండేళ్లు తను కుంచె మాత్రమే పట్టింది, ఇప్పుడు తను వేసే అద్దాలు నా అద్దాల కన్నా బాగుంటాయి. పిల్లలకు కూర్పు అలవాటు చేయాలనుకునే తల్లిదండ్రులు జపాన్ గండమ్ రోబో కిట్లతో మొదలుపెట్టవచ్చు. బండాయ్ సంస్థ 1980లో 300 యెన్ల ధరకు తెచ్చిన మొదటి 1:144 కిట్‌కు జిగురు కావలసి వచ్చేది. ఇప్పటి కిట్లు చాలావరకు నొక్కితే బిగుసుకునేవి, ప్లాస్టిక్‌లోనే రంగు ఉన్నవి. అక్కడ కూడా ముక్కలను చట్రం నుంచి కత్తిరించేది కత్తెర పటకారే కనుక పెద్దవారు పక్కన ఉండాలి.

సిద్ధంగా రంగు వేసిన బొమ్మ మేలన్న మాటకు నా జవాబు కూడా చెప్పాలి. సమయం లేనివారు, చూపు సహకరించనివారు అలాంటివి కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. అయితే ఈ అభిరుచిలో ఉన్నవారు నిజంగా ఏమి కోరుకుంటున్నారో చూడండి. ఈ ఆటను ఇప్పుడు ప్రచురిస్తున్న సంస్థ కొత్త బొమ్మల కోసం ముందస్తు చందాలు అడిగినప్పుడు, 2019లో 25 లక్షల డాలర్లకు పైగా, 2023లో 70 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. ఆ డబ్బు కట్టినవారికి అందినవి ప్రధానంగా రంగు లేని బొమ్మలు. రంగు తాము వేసుకోవాలనే వారు వాటిని తీసుకున్నారు. నాలాంటివారి బల్ల మీద పది హంచ్‌బ్యాక్‌లు ఒకే అచ్చు నుంచి వచ్చి ఉండవచ్చు. ఎవరిది ఏదో చెప్పడానికి పేరు రాయనక్కరలేదు. ఒకరు కోసిన మోకాలు, ఇంకొకరు వేసిన పసుపు నలుపు చారలు, వేరొకరు సరిచేయలేక వదిలేసిన వంకర గీత వారివారి సంతకాలు.

కాబట్టి నా అభ్యర్థన ఇది. హస్తకళల పేజీలో ఒక పూర్తి వ్యాసంగా, కావలసిన పనిముట్లు, మన ఊళ్లలో దొరికే ప్రత్యామ్నాయాలు, మన వాతావరణంలో పాటించవలసిన జాగ్రత్తలతో ఈ విషయాన్ని రాయించండి. ఆటవస్తువుల సలహాల్లో వచ్చిన పిల్లల కానుక సూచనను సవరిస్తూ, అయస్కాంతాల గురించి ఒక హెచ్చరికను వీలైనంత త్వరగా, ఆ వ్యాసం కోసం ఆగకుండా ప్రచురించండి. ఛాయాచిత్రాలు వేసేటప్పుడు పూర్తయిన బొమ్మ ఒక్కటే వేయవద్దని కూడా కోరుతున్నాను. పుట్టీ పచ్చిగా ఉన్న భుజం, ముల్లు బయటికి కనబడుతున్న చీలమండ, సగం రంగు పడిన కాలు పాఠకులకు కనబడితేనే ఇది చేతితో జరిగే పని అని తెలుస్తుంది. అలా వేరువేరు దశల్లో ఆపి ఉంచిన ఐదు బొమ్మలు నా దగ్గర ఉన్నాయి, 1992లో కోసిన ఆ హంచ్‌బ్యాక్ కూడా భద్రంగా ఉంది. మీ ఛాయాచిత్రకారులకు వీలైన రోజు చెబితే, వాటిని నేనే మీ విజయవాడ కార్యాలయానికి తీసుకువస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
విజయవాడ